తెల్ల మేకపోతు తోలు పసుపెక్కకుండా మౌంటుకి రెడీ చెయ్యడం ఎలాగ

మౌంటు అంటే జంతువు తల తోలుని పాడవకుండా చేసి, తల ఆకారం మీద తొడిగి గోడకి తగిలించడం. నా మొదటి మేకపోతు తల ఇప్పటికీ మా పెరటి గదిలో గోడకే ఉంది, చుట్టాలొస్తే ఆ గది తలుపు దగ్గరికి వేసేస్తాను. బతికున్నప్పుడు మీగడలాగ తెల్లగా ఉండే పోతు అది, నా చేతుల్లో పడ్డాక డికాక్షన్‌లో ముంచిన బనీను రంగుకి వచ్చింది, చెవుల వెనకాల మచ్చలు, గెడ్డం కింద నల్లటి చార ఒకటి. ఎందుకలాగ అయ్యిందో తెలియడానికి ఇంకో మూడు తోళ్ళు పాడుచేసుకోవాల్సొచ్చింది. మా పెదనాన్న చెప్పారు కదా అని కరక్కాయ పొడి కలిపిన నీళ్ళల్లో, అది కూడా పాత ఇనప డ్రమ్ములో, నాలుగు రోజులు నానబెట్టేసాను. చెప్పుల తోలుకి కరక్కాయ, తంగేడు చెక్క బ్రహ్మాండంగా పనిచేస్తాయి, పాతకాలంలో మన వైపు తోలు పదును చేసింది, అంటే పచ్చి తోలు కుళ్ళకుండా నిలవుండేలాగ చేసింది, వాటితోనే, పెదనాన్న తప్పు చెప్పలేదు. కానీ ఆ వగరు తెల్ల వెంట్రుకకి గోధుమ రంగు పట్టించేస్తాది, పైగా వగరుకి ఇనుము తగిలిందంటే అది సిరా అయిపోద్ది, కలంకారీలో నలుపు పడేది కూడా ఈ లెక్క మీదే, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనప తుప్పు నీళ్ళు. అంటే నేను మేకపోతుని శుభ్రంగా సిరాలో ముంచి తీసానన్నమాట.

అప్పట్నుంచి నాకు అర్థమైంది ఏటంటే తెలుపు అనేది ఆఖర్న ఏదో మందు పూసి తెచ్చేది కాదు. కోసిన పూట నెత్తురు, ఆ తర్వాత కొవ్వు, ఆ తర్వాత ఇనుము, ఈ మూడిటినీ తోలు మీద నిలవనివ్వకపోతే తొంభై శాతం తెలుపు దానంతటదే ఉంటాది, పెరాక్సైడు గిరాక్సైడు మిగతా పదికే. అందుకే ఇది మొత్తం మొదట్నుంచీ చెప్తున్నాను, తెల్లగా చేసే ముక్క ఒక్కటే కావాలనుకుంటే కిందకి వెళ్ళి చదువుకోండి గానీ అది ఒక్కటే చేస్తే పని అవ్వదు. మాది ఒడిశాలో పర్లాకిమిడి, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు, వాడుక మాటల్లో రాస్తే ఇక్కడ ఎవరూ తిట్టరని ధైర్యం.

పని మొదలెట్టే ముందు రెండు విషయాలు. ఒకటి, ఇదంతా పెంపుడు మేక, గొర్రె గురించే. కొండగొర్రె దొరికింది, దుప్పి తల ఉంది, చేసి పెడతావా అని అడిగేవాళ్ళు మా వైపు కొండల్లో ఎప్పుడూ ఉంటారు, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది, అడవి జంతువు తోలు ముట్టుకుంటే జైలే, పాత జమీందారీ బంగళాల్లో పులి తలలు చూసి ఆశ పడకండి. రెండోది ఇంకా ముఖ్యం. చచ్చిపోయిన మేక తోలు ఊరికే ఇస్తాం పట్టుకుపో అంటే తీసుకోవద్దు. కోరాపుట్ వైపు దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, మాటిమాటికీ బయటపడతా ఉంటాది, నిన్న బాగానే ఉన్న పశువు పొద్దుటికి పడిపోయి ముక్కులోంచి నెత్తురు కారిందంటే దాన్ని కొయ్యనే కొయ్యకూడదు, పశువుల డాక్టరుకి కబురు పెట్టాలి. దాని బీజాలు ఉప్పుకి చావవు, ఎండకి చావవు, తోల్లో ఏళ్ళ తరబడి ఉంటాయి, ముట్టుకున్న చేతికి నల్లటి పుండు లేస్తాది. కళ్ళెదురుగా ఆరోగ్యంగా నిలబడున్న జంతువుని కోసిన తోలే వాడండి, గ్లౌజులు వేసుకోండి, చేతికి కోత ఉంటే ఆ రోజు పని మానీయండి.

ఇక మేక. మన గంజాం మేకలుంటాయి చూసారా, గంజాం, గజపతి, రాయగడ వైపు గొల్లలు పెంచే ఆ పొడుగు కాళ్ళవి, పోతులకి కొమ్ములు నిటారుగా పైకి లేచి ఉంటాయి, మౌంటు చేస్తే అంత అందం ఇంక దేనికీ రాదు. వాటిల్లో నలుపు, గోధుమే ఎక్కువ, తెల్లది దొరకడం కాస్త కష్టం, అందుకే దొరికినదాన్ని పాడుచేసుకోకూడదు. నేనైతే కోయించే ముందురోజే దాన్ని సబ్బుతో రుద్ది కడిగించి శుభ్రమైన గడ్డి మీద కట్టిస్తాను, వెనక కాళ్ళకీ పొట్టకీ పట్టిన ఉచ్చ మరకలు బతికున్నప్పుడు పోయినంత సులువుగా తర్వాత పోవు. పోతులకి గెడ్డం మీద కూడా అదే మరక ఉంటాది, ఎందుకో పోతుల్ని పెంచినవాళ్ళకి తెలుసు.

మటన్ కొట్టు దగ్గర ముందే మాట్లాడుకోండి, ఇది మర్చిపోయి ఒకసారి అంతా పోగొట్టుకున్నాను. కొట్టాయన అలవాటు ప్రకారం "తల కాల్చీమంటారా బాబూ" అని అడుగుతాడు, మనం ఫోన్‌లో ఉండి తలూపామంటే అయిపోయింది, తలకాయ కూర వండుకోవడమే. "కాల్చొద్దు మావా, మంట దగ్గరికే తేకు, ఇది కూరకి కాదు" అని రెండుసార్లు చెప్పండి. పీక కోత దవడకి ఆనుకుని పైకి కాకుండా వీలైనంత కిందకి వెయ్యమనండి, మెడ ముందు పక్క ఇంకో గాటు పెట్టొద్దనండి. మౌంటుకి అసలు కోత వెనక పక్క, కొమ్ముల దగ్గర్నుంచి మెడ వెనక మధ్యగా భుజాల దాకా, పైన రెండు కొమ్ములకీ చీలి ఇంగ్లీషు Y ఆకారంలో ఉంటాది, అది మనమే కోసుకోవాలి. నెత్తురు చిమ్మిన చోట అక్కడికక్కడే చల్లటి ఉప్పునీళ్ళతో తుడవాలి. వేణ్ణీళ్ళు పోసారంటే నెత్తురు వెంట్రుకలో ఉడికి అతుక్కుపోద్ది, ఇంక జన్మలో వదలదు. తల వొలవక ముందే టేపు పెట్టి కంటి మూల నుంచి ముక్కు కొసకి ఎంత, మెడ చుట్టు కొలత మూడు చోట్ల ఎంత అని రాసుకుని, నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, ఫారం, అంటే తోలు తొడిగే తల ఆకారం, చెక్కేటప్పుడు దేవుడిలా ఆదుకుంటాయి.

తోలు ఇంటికి తెచ్చేటప్పుడు ప్లాస్టిక్ సంచీలో మూతి కట్టి బండికి తగిలించొద్దు. సంచీలో వేడెక్కి కుళ్ళు మొదలైతే వెంట్రుకల కుదుళ్ళు వదిలేస్తాయి, పైకి ఏమీ కనపడదు, వారం తర్వాత ఎక్కడ లాగితే అక్కడ గుత్తులు గుత్తులుగా చేతికి వస్తాది. బకెట్లో పరిచి కింద ఐసు సీసాలు పెట్టి తేవాలి, ఎండాకాలం అయితే రెండు మూడు గంటల్లో ఉప్పు పడిపోవాలంతే.

ఉప్పు దగ్గర కూడా తెలుపు సంగతి ఉంది. మనకి నౌపడా ఉప్పు పక్కనే, చవగ్గా బస్తా వస్తాది, కానీ మడుల్లోంచి తీసిన ఆ మట్టి రంగు కల్లుప్పు ఇక్కడ పనికిరాదు. సముద్రపు పచ్చి ఉప్పులో బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి, అవి తోలు మీద గులాబీ ఎరుపు మచ్చలు తెస్తాయి, పైగా గళ్ళు పెద్దవి కాబట్టి సందుల్లోకి పోవు. ప్యాకెట్లో వచ్చే శుభ్రమైన సన్న ఉప్పు వాడండి. తోలు ఎంత బరువుందో దగ్గర దగ్గర అంత ఉప్పు, కక్కుర్తి పడకండి. మాంసం వైపు పరిచి అంచుల దాకా, ముఖ్యంగా పెదాలు, కనురెప్పలు, ముక్కు, చెవి మొదళ్ళలో అరిచేత్తో రుద్ది ఎక్కించాలి. పలక మీద ఏటవాలుగా పెడితే ఒక రోజులో నీరంతా కారిపోద్ది, మర్నాడు ఆ తడి ఉప్పు దులిపి పారేసి కొత్త ఉప్పు. ఆ పాత ఉప్పు ఎండబెట్టి మళ్ళీ వాడదాం అనిపిస్తాది, వద్దు, అందులో నెత్తురూ కొవ్వూ అన్నీ ఉన్నాయి.

అయితే ఉప్పు వెయ్యక ముందే మొహం పని అవ్వాలి, అసలు కష్టం అదే, నాకు ఇప్పటికీ ఒక సాయంత్రం పూర్తిగా పడుతుంది. చెవి లోపల మెత్తటి ఎముక ఉంటాది, దాన్నీ తోలునీ వేరుచేస్తా చెవిని మేజోడులాగ చివరి దాకా తిరగెయ్యాలి, స్పూను కాడ లాంటి మొద్దు వస్తువుతో మెల్లగా తోసుకుంటా పోతే వస్తాది, కత్తి పెడితే చిల్లే. పెదాలు లోపల నుంచి రెండు పొరలుగా చీల్చాలి, ముక్కు పుటాల దగ్గర మెత్తెముక పలచగా తీసెయ్యాలి, కంటి రెప్పలు కూడా. ఇక్కడ మందంగా ఒగ్గేసిన ప్రతి చోటా ఉప్పు దిగదు, పటిక దిగదు, ఆ చోటే మొదట పసుపెక్కి తర్వాత వెంట్రుక రాలుతాది. ఎవరి మౌంటైనా సరే చెవి కొస చూస్తే ఎంత ఓపిక పెట్టారో తెలిసిపోద్ది.

రెండు సార్లు ఉప్పు అయ్యాక తోలు గట్టిపడుతుంది. పూర్తిగా అట్టలాగ ఎండిపోయుంటే చల్లటి నీళ్ళల్లో లీటరుకి 60 గ్రాముల ఉప్పు వేసి మెత్తబడేదాకా నానబెట్టండి, రాత్రంతా మాత్రం ఒగ్గెయ్యకండి. నీళ్ళ గురించి ఒక మాట, మా వీధి బోరు నీళ్ళు బకెట్లో పోసి ఉంచితే సాయంత్రానికి అడుగున ఎర్రటి మడ్డి దిగుతాది, అది ఇనుమే, తెల్ల తోలుకి శత్రువు. నేను ఇరవై లీటర్ల వాటర్ క్యానులు తెప్పిస్తాను, మా ఆవిడ తిట్టుకుంటాది, అయినా సరే. తొట్లన్నీ ప్లాస్టిక్కే, ఇనుము గానీ రేకు గానీ దగ్గరికి రానివ్వద్దు.

తర్వాత పులుపు నీళ్ళు, పికిలింగ్ అంటారు దీన్ని. పది లీటర్ల నీళ్ళకి ఉప్పు కేజీ రెండొందలు, నిమ్మ ఉప్పు 220 గ్రాములు. వంటకి వాడే సిట్రిక్ యాసిడ్ పౌడరే. ముందు ఉప్పు పూర్తిగా కరగాలి, ఆ తర్వాతే యాసిడ్, ఈ వరస మారకూడదు, ఉప్పు తక్కువై యాసిడ్ ముందు తగిలితే తోలు ఊరిన అప్పడంలాగ ఉబ్బిపోద్ది, ఒకసారి ఉబ్బితే దాని బలం పోయినట్టే. పులుపు ఎంతుందో రంగుతో చెప్పే పీహెచ్ కాగితాలు అక్వేరియం కొట్లలోనో ల్యాబ్ సామాన్లు అమ్మే చోటో దొరుకుతాయి, రంగు 2 దగ్గర చూపించాలి, రోజుకి ఒకసారి ముంచి చూసుకోండి, 2.5 దాటితే ఇంకో చెంచా యాసిడ్. మూడు రోజులు, రోజుకి నాలుగైదు సార్లు కలియబెడతా, తోలు మొత్తం నీళ్ళల్లో మునిగుండేలాగ. ఈ స్నానంలో ఉన్నంతసేపు తోలు కుళ్ళదు కాబట్టి పెళ్ళికో పనికో ఊరెళ్ళాల్సొస్తే ఇక్కడ ఆపుకోవచ్చు.

మూడో రోజు తీసి చూస్తే మాంసం వైపు తెల్లగా కాస్త దళసరిగా అయ్యుంటాది, ఇప్పుడు గీకాలి. గుండ్రటి కర్ర దుంగ మీద పరిచి వాలు కత్తితో మెడ వెనక భాగం, మొహం పలచబడేదాకా. పోతు మెడ తోలు భలే మందం, దాన్ని ఒగ్గేస్తే ఎండేటప్పుడు డప్పులాగ బిగిసి కుట్లు తెంచేస్తాది. గీకేటప్పుడు అవతలి పక్క వెంట్రుకల మొదళ్ళు నల్ల చుక్కల్లాగ కనపడితే మరి లోతుకి పోయారన్నట్టు అని చెప్తారు గానీ తెల్ల మేకకి ఆ చుక్కలు కనపడవు, వేలితో తడిమి చూసుకోవడమే.

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగేది కొవ్వు దగ్గర. జనం తోలు పసుపు అంటే బ్లీచింగు కోసం పరిగెడతారు, నూటికి ఎనభై ఆ పసుపు మరక కాదు, కొవ్వే. వెంట్రుకల మొదట్లో జిడ్డు ఉంటాది, అది గాలి తగిలి పాత నేతి రంగుకి వస్తాది, ఇవాళ తెల్లగానే కనపడి ఆరు నెలలకి గోడ మీద పసుపెక్కే తలలన్నీ ఇదే కేసు. గిన్నెలు తోమే లిక్విడ్ సోపు రెండు మూతలు అయిదు లీటర్ల నీళ్ళల్లో, అందులో కూడా గుప్పెడు ఉప్పు వెయ్యాలి ఎందుకంటే తోల్లో ఇంకా యాసిడ్ ఉంది, వట్టి నీళ్ళు తగిలితే ఉబ్బుతాది. నీళ్ళు చేతికి చల్లదనం పోయేంత ఉంటే చాలు, వేడి వద్దు, పులుపులో ఉన్న తోలు మామూలు పచ్చి తోలు కన్నా తక్కువ వేడికే ముడుచుకుపోద్ది. వెంట్రుక వైపు పైకి పెట్టి షాంపూ చేసినట్టు వేళ్ళతో మొదళ్ళ దాకా, ఇరవై నిమిషాలు, నీళ్ళు మార్చి మళ్ళీ ఒకసారి. నీటి మీద నూనె చుక్కలు తేలడం ఆగాలి. కిరసనాయిలు పోస్తే బేగి పోద్దని ఎవరో చెప్తారు, అది కూడా పసుపే, పైగా ఆ వాసన మీ ఇంట్లో దీపావళి దాకా ఉంటాది. కడిగాక మళ్ళీ పులుపు నీళ్ళల్లో ఒక రోజు.

ఆ తర్వాత యాసిడ్ దింపడం. పది లీటర్లకి 75 గ్రాములు తినే సోడా, పావు గంట నుంచి ఇరవై నిమిషాలు కలుపుతా ఉండి తీసెయ్యండి, మందమైన మెడ దగ్గర చిన్న గాటు పెట్టి లోపల పీహెచ్ కాగితం ఆనిస్తే 4కీ 5కీ మధ్య ఉండాలి. ఎక్కువసేపు ఉంచితే మంచిదేమో అని ఉంచొద్దు.

పదును చెయ్యడానికి మనకి కావాల్సింది పటిక, ఒరియా కొట్టువాళ్ళని ఫిటికిరి అని అడగండి. కరక్కాయ గోధుమ రంగు ఇస్తాది, ఫ్యాక్టరీల్లో వాడే క్రోమ్ నీలం పచ్చ రంగు ఇస్తాది, పటిక మాత్రం తోలుని సున్నంలాగ తెల్లగా ఉంచుతాది, పాతకాలం తెల్ల గ్లౌజుల తోలు కూడా పటిక, ఉప్పు, పిండి, గుడ్డు సొనతోనే చేసేవారు, చూసుకుంటే అంతా వంటింటి సామానే. 450 గ్రాముల పటిక నాలుగు లీటర్ల గోరువెచ్చటి నీళ్ళల్లో కరిగించాలి. వేరే బకెట్లో రెండు లీటర్ల నీళ్ళకి 115 గ్రాముల బట్టల సోడా, 225 గ్రాముల ఉప్పు. ఈ సోడా నీళ్ళని పటిక నీళ్ళల్లోకి సన్నటి ధారగా పోస్తా కలపాలి, బుసబుసా పొంగుతాది, ఒకేసారి దబ్బున పోస్తే పటిక ముద్దలు కట్టి అడుగున పడిపోద్ది, ఇంక పారబొయ్యడమే. బట్టల సోడాకీ తినే సోడాకీ తేడా ఉంది, ఒకదానికి బదులు ఒకటి వెయ్యకండి. చల్లారాక మైదా కలుపుకుంటా దోసెల పిండి జారుకి తెచ్చి మాంసం వైపు మూడు మిల్లీమీటర్ల మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి నీడలో పెట్టండి. మర్నాడు గీకి కొత్త పిండి, అలాగ మూడు పూతలు. మిగిలిన పిండిని పులవనివ్వకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, దోసెల గిన్నె పక్కన పెట్టొద్దు, డబ్బా మీద రాయండి, ఇది నవ్వడానికి చెప్పట్లేదు.

అయ్యిందా లేదా చూడటానికి మెడ అంచు చిన్న ముక్క కోసి చూడండి, నిలువునా మొత్తం ఒకే తెలుపు ఉంటే అయ్యింది, మధ్యలో అద్దంలాగ మసక గీత కనపడితే ఇంకో పూత పడాలి. పటికకి ఒక అవలక్షణం ఉంది, బాగా నానితే మళ్ళీ కడుక్కుపోద్ది. అందుకని ఇక్కడి నుంచి తోలుని తొట్టిలో ముంచేది లేదు, తడి గుడ్డతో తుడవడమే, ఈ ఒక్క సంగతి తెలియక పదును చేసిన తోలుని మళ్ళీ శుభ్రంగా నానబెట్టి ఉతికి పచ్చి తోలు చేసుకున్నవాడిని నేనే.

మెత్తదనానికి నూనె. కొబ్బరి నూనె చలికి గడ్డకడతాది, తర్వాత కంపు కొడతాది. వేప నూనె పురుగుకి మంచిదే గానీ ఆకుపచ్చ గోధుమ మరక. పచ్చి ఆముదం జిగటగా ఉండిపోయి మెల్లమెల్లగా తోల్లోంచి వెంట్రుక వైపు ఊరుతాది, మళ్ళీ పసుపు. కావాల్సింది నీళ్ళల్లో కలిసే నూనె. టర్కీ రెడ్ ఆయిల్ అని బట్టలకి రంగులేసేవాళ్ళు వాడతారు, పేరు చూసి ఎర్రగా ఉంటాదనుకోకండి, అది యాసిడ్‌తో మార్చిన ఆముదమే, నీళ్ళల్లో వేస్తే పాలలాగ కలిసిపోద్ది. బెరంపురం పట్టు నేసే ఊరు కదా, రంగుల కొట్లలో అడిగితే దొరుకుతాది. ఒక వంతు నూనెకి మూడు వంతుల వేణ్ణీళ్ళు, అందులో చల్లారాక రెండు గుడ్ల పచ్చసొన గిలక్కొట్టి, తోలు ఇంకా చెమ్మగా ఉండగానే మాంసం వైపు మాత్రమే చేత్తో రాయాలి. వెంట్రుకకి అంటితే అప్పుడే తుడిచెయ్యండి. మాంసం వైపు మాంసం వైపుకి ఆనేలాగ మడిచి ఆరు గంటలు ఉంచితే నూనె లోపలికి పోద్ది. తర్వాత నీడలో వేలాడదీసి సగం ఆరాక అన్ని వైపులా లాగుతా ఉండాలి, కుర్చీ వీపు అంచు మీద వేసి అటూ ఇటూ గుంజితే లాగిన చోటల్లా తెల్లగా విచ్చుకుంటాది, అదొక్కటే ఈ పని మొత్తంలో చూడ్డానికి సరదాగా ఉండే సీను.

ఇప్పుడు వెంట్రుక తెల్లదనం. ఇంతదాకా చెప్పినట్టు చేసుంటే తోలు ఇప్పటికే చాలా తెల్లగా ఉంటాది, మోకాళ్ళు, గెడ్డం, పొట్ట అంచు ఇలాంటి చోట్ల మాత్రమే మరక మిగులుతాది. బట్టల బ్లీచింగ్ గానీ బ్లీచింగ్ పౌడర్ గానీ ముట్టుకోకండి, క్లోరిన్ వెంట్రుకని తినేస్తాది, జిగురులాగ కరిగిపోద్ది, తోల్లో యాసిడ్ మిగిలుంటే విషగాలి కూడా వస్తాది. హైడ్రోజన్ పెరాక్సైడే దారి. మందుల కొట్లో దొరికే బుడ్డి మామూలుగా 20 వాల్యూమ్, అంటే 6 శాతం, సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అయ్యింది, మొదటిసారికి అది చాలు. బ్యూటీ పార్లర్ వాళ్ళు వాడే క్రీమ్ డెవలపర్ కూడా 20 వాల్యూమే కొనండి, అది చిక్కగా ఉంటాది కాబట్టి కారి తోలు దాకా దిగదు, నాకు అదే ఇష్టం. పార్లర్ బ్లీచ్ పొడి కలిపితే బేగి తెల్లబడతాది గానీ వెంట్రుక కొసలు గడ్డిలాగ విరిగిపోతాయి, నేను మానేసాను.

ముందు కాలి దగ్గర కోసేసిన ముక్క మీద చూసుకోండి. తర్వాత మరక ఉన్న చోట వెంట్రుకని చెమ్మ చేసి ప్లాస్టిక్ బ్రష్షుతో క్రీము పట్టించి, పైన పాలిథీన్ కప్పి, పది నిమిషాలకోసారి ఎత్తి చూస్తా, ముప్ఫై నలభై నిమిషాలు మించకుండా. చాల్లేదంటే తుడిచి ఆరబెట్టి మర్నాడు మళ్ళీ ఇంకోసారి, ఒకేసారి గంటలు గంటలు ఉంచడం కన్నా రెండు పొట్టి పూతలే నయం. స్పాంజిని మంచినీళ్ళల్లో పిండుకుంటా నాలుగైదు సార్లు తుడవాలి. ఇనప దువ్వెన, ఇనప క్లిప్పు ఏదీ పెరాక్సైడు దగ్గర వాడొద్దు, ఇనుము తగిలిన చోట అది ఒక్కసారిగా విరిగి అక్కడే వెంట్రుక చెడిపోద్ది. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి, చిన్నపిల్లలున్న ఇల్లయితే బుడ్డి పైనెక్కడో పెట్టండి.

ఆఖరి తుడుపు నీళ్ళల్లో ఉజాలా లాంటి నీలిమందు, చెంబుడు నీళ్ళకి ఒకటే ఒక్క చుక్క. ఇది తెల్లబరచదు, మిగిలిన కాస్త పసుపుని కంటికి కనపడనివ్వదు, చొక్కాకి చేసినట్టే. రెండో చుక్క వేద్దామా అనిపిస్తాది, వేసి మా బావ ఒక నీలం మేకని తయారుచేసాడు, దసరా పందిట్లో పెట్టుకోవచ్చు అది.

తడి ఆరబెట్టడానికి రంపపు పొట్టు వాడతారు కానీ టేకు పొట్టు, ఎర్ర చెక్క పొట్టు రంగు దిగుతాయి. మొక్కజొన్న పిండిలో నాలుగో వంతు వెలిగారం కలిపి వెంట్రుకల్లోకి రుద్ది, గంట ఆగి బయటికి తీసుకెళ్ళి కర్రతో తట్టి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి దులపండి, వెంట్రుక లేచి నిలబడి బతికున్న మేకలాగ అవుద్ది. ఎండలో మాత్రం పెట్టొద్దు.

మౌంటు గురించి పొడుగ్గా చెప్పను, అది వేరే చదువు. పుర్రె పైభాగం కొమ్ములతో సహా రంపంతో కోసి ఉడికించి శుభ్రం చేసుకోవాలి, మా ఊళ్ళో కొమ్ము బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర కూర్చుంటే కొమ్ముకి మెరుపు ఎలాగ తేవాలో వాళ్ళ చేతులు చూసి నేర్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. కొలతల ప్రకారం థర్మకోల్ చెక్కి పైన కాగితం గుజ్జు పూసి ఫారం చెయ్యండి, చెవుల్లోకి పల్చటి ప్లాస్టిక్ కోసి దూర్చండి, గాజు కళ్ళు ఆన్‌లైన్‌లో వస్తాయి, మేక కంటి పాప అడ్డంగా పలకలాగ ఉంటాది, గుండ్రటి పాప ఉన్నవి కొంటే మేక కాదు బొమ్మ అవుద్ది. మైదా జిగురులో వెలిగారం కలిపి ఫారానికి రాసి, తోలు చెమ్మగా ఉండగానే తొడిగి, కొమ్ముల దగ్గర్నుంచి కిందకి కుట్టుకురావాలి. తోలు జరక్కుండా గుచ్చే సూదులు తుప్పు పట్టని స్టీలువో ఇత్తడివో అయ్యుండాలి. మామూలు గుండుసూదులు గుచ్చితే నాలుగు రోజుల్లో ప్రతి సూది చుట్టూ తుప్పు చుక్క, ఇంత కష్టపడి తెల్లగా తెచ్చింది అక్కడ పోద్ది.

కార్తీకం నుంచి మాఘం దాకా ఈ పనికి మంచి రోజులు. వానాకాలంలో మహేంద్రతనయ నిండుగా పారుతున్నప్పుడు మా ఇంట్లో ఉప్పు డబ్బాయే నీరు కారుతాది, తోలేం ఆరుతాది. చలికాలంలో అయితే మూడు వారాల్లో ఎండిపోద్ది, మొదటి వారం రోజూ చూస్తా కనురెప్పలు, పెదాలు వెనక్కి లాగితే వేలితో మళ్ళీ అణచండి. ఎండాక ముక్కు, రెప్పల అంచులు, చెవి లోపల పక్క రంగు పోయి పాత కాగితంలాగ అవుతాయి, తెల్ల మేకకి అక్కడ గులాబీ ఉండాలి కాబట్టి ఆయిల్ పెయింటు తెలుపులో పిసరంత ఎరుపు, ఇంకా పిసరంత గోధుమ కలిపి, బ్రష్షు దాదాపు పొడిగా ఉండగా అద్దండి, ముందు తీసిన ఫొటో ఫోన్‌లో ఎదురుగా పెట్టుకుని, వెంట్రుక మొదలయ్యే గీత దగ్గర ఆపెయ్యండి.